టిమ్ బాబిన్ పల్లె మాటను భద్రపరిచాడా, వెక్కిరించాడా?

చర్చకు పెట్టిన అభిప్రాయం:

ఇంగ్లండులో రాచ్‌డేల్ పట్టణం దగ్గరి మిల్‌న్రో గ్రామంలో బడిపంతులుగా పనిచేసిన జాన్ కోలియర్, 'టిమ్ బాబిన్' అనే కలం పేరుతో, టమ్మస్, మేరీ అనే ఇద్దరు పల్లెవాసుల సంభాషణను లాంకషైర్ మాండలికంలో రాసి 1746లో ప్రచురించాడు. ఆయనను ప్రజల భాషకు సేవ చేసినవాడిగా కొనియాడటం నాకు సమ్మతం కాదు. పుస్తకం పేరులోనే టమ్మస్‌ను 'క్లౌన్' అన్నాడు. యజమాని పంపగా ఆవునూ దూడనూ తోలుకెళ్ళి ఇక్కట్లపాలైన అమాయకుడి చేత మాట్లాడించి చదువుకున్నవారిని నవ్వించాడు. మిడిల్టన్‌కు చెందిన నేతకార్మికుడు శామ్యూల్ బామ్‌ఫర్డ్ 1850లో దానిని తిరిగి ప్రచురించినప్పుడు, అందులోనిది అచ్చమైన దక్షిణ లాంకషైర్ పలుకు కాదని తప్పుపట్టాడు.

జవాబు:

'క్లౌన్' అనే మాటకు ఆ కాలంలో పల్లెటూరి మనిషి అనే అర్థం కూడా ఉండేది. అందులో చిన్నచూపు కొంత ఉన్నదని ఒప్పుకుంటాను గానీ, నేటి విదూషకుడి అర్థాన్ని దానికి అంటగట్టలేము. బామ్‌ఫర్డ్ అభ్యంతరం అంతకన్న బలమైనది. అయితే దానికి సమాధానం కోలియర్ బతుకులోనే కనిపిస్తుంది. బడి కూడా నడిపిన పేద మతాచార్యుడైన తండ్రికి చూపు పోవడంతో, పద్నాలుగేళ్ళ వయసుకే మగ్గం పని నేర్చుకోవడానికి చేరిన ఆ కుర్రవాడు, ఆ పని విడిచి ఊరూరా తిరిగి పిల్లలకు చదువు చెప్పి, 1729లో మిల్‌న్రో బడిలో సహాయకుడిగా కుదురుకున్నాడు. ఏటా బడికి వచ్చే 20 పౌండ్లలో ఆయన వాటా 10 పౌండ్లు. ఇన్ని ఊళ్ళ మాటలు చెవినపడినవాడి రాతలో పలుకులు కలగలిసిపోవడం సహజమే కదా! అది కలగలుపే గాని హేళన కాదని నా నమ్మకం. పుస్తకానికి పదాల అర్థాల పట్టికను జతచేసిన శ్రద్ధను కూడా గమనించమని కోరుతున్నాను.

ప్రతివాదం:

ఆ మాటలు తెలియని దొరలు హాయిగా నవ్వుకోవాలన్నా అర్థాల పట్టిక అవసరమే. 1773లో ఆయన అచ్చువేసిన వికృత ముఖాల బొమ్మల పుస్తకాన్ని చూసిన తరువాత, ఆ మనిషికి పేదలపై గౌరవం ఉండేదని నమ్మడం నాకు కష్టంగా ఉంది.

జవాబు:

పట్టిక విషయంలో మీ మాట న్యాయమైనదే. దానిని ఆధారంగా చూపడం మానుకుంటాను. కానీ కోలియర్ ఎవరి వైపు నిలబడ్డాడో తెలుసుకోవడానికి ఆయన పద్యాలను వదిలేసి బొమ్మలనే చూడటం సరికాదు. గ్వాడెలూప్ యుద్ధంలో కాలు పోగొట్టుకుని, పింఛను కూడా దక్కని ఒక ముసలి సైనికుడు, పలు చర్చిల ఆదాయం ఒక్కడే అనుభవించే మతాచార్యుణ్ణి బిచ్చమడిగే పద్యం ఒకటి ఆయన రాశాడు. దేశదిమ్మరులకు తాను పైసా ఇవ్వననీ, కదలకపోతే కానిస్టేబుల్‌కు అప్పగిస్తాననీ ఆ బలిసిన బోధకుడు కసురుతాడు. ఆ పద్యంలో కవి ఎగతాళి చేసింది సైనికుణ్ణి కాదు.