పంచనామాలో ‘కడుపునొప్పి తాళలేక’ అని రాస్తే ఆ లెక్క నమ్మొచ్చా?

బందరురోడ్డు: 2022లో దేశంలో 1,70,924 ఆత్మహత్యలని ఎన్‌సీఆర్‌బీ (పోలీసు రికార్డులు కూర్చే జాతీయ నేర గణాంకాల సంస్థ) లెక్క. కారణాల్లో కుటుంబ సమస్యలు 31.7 శాతం, అనారోగ్యం 18.4 శాతం. పేపర్లో జిల్లా పేజీ తిరగేస్తే ఆ అనారోగ్యం ఏమిటో తెలుస్తుంది: ‘కడుపునొప్పి తాళలేక’. విజయవాడలో ఇన్ని కడుపునొప్పులు ఏ డాక్టరూ చూసి ఉండడు. నన్నడిగితే పంచనామాలో ఆ కారణం గడే తీసేయాలి. తప్పుడు కారణం కన్నా ఖాళీ గడి నయం.

పాతబస్టాండు_గుంటూరు: పోలీసు శాఖలో రిటైరైనవాణ్ని. ఆ మాట మేం పుట్టించింది కాదు సార్. మార్చురీ బయట తండ్రి చెయ్యి పట్టుకుని ‘ఇంకో పిల్ల పెళ్లికుంది, కడుపునొప్పని రాయండి’ అంటే మీరైతే ఏం రాస్తారు? ఇలాంటి మరణాల మీద విచారణకి అప్పుడు సీఆర్‌పీసీ 174, ఇప్పుడు కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 194 సెక్షన్. నేరం ఉందా లేదా తేల్చడమే అందులో మా పని. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడపిల్ల పోతే తహసీల్దారు వస్తారు, ప్రతి మాటా తూచి రాస్తారు. మిగతావాటికి ఒక్క లైను. అలాగని గడి తీసేయమంటే ఒప్పుకోను.

మిర్చియార్డు: మా ఊళ్లో ఒక కౌలు రైతు పోతే ‘కుటుంబ కలహాలు’ అని రాశారు. ముందురోజు ఇంట్లో గొడవైన మాట నిజమే. దేనిమీద? మిర్చికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు మీద. కౌలుకు కాగితం లేదు కాబట్టి ఆయన రైతు గడిలోకీ ఎక్కలేదు. తర్వాత ఆయన భార్య పరిహారానికి తిరిగితే ఆ లైనే అడ్డం పడింది. గడి ఖాళీగా ఉన్నా ఆమెకు ఒరిగేదేం లేదు.

పీజీ_ఫోరెన్సిక్: శవపరీక్షలో ఎలా పోయారో తెలుస్తుంది, ఎందుకన్నది తెలియదు. దానికి సైకలాజికల్ అటాప్సీ అని వేరే పద్ధతి ఉంది, 1950ల చివర్లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. కొన్నాళ్లు ఆగి ఇంటివాళ్లతో, స్నేహితులతో, చూసిన డాక్టరుతో విడివిడిగా మాట్లాడతారు. అలా అడిగితే ఒకే కారణం బయటపడటం అరుదు. అప్పు, తాగుడు, వైద్యం అందని డిప్రెషన్ కలిసి వస్తాయి. అసలు సంఖ్యే తక్కువ పడుతోంది. 2010కి పోలీసు లెక్క 1,34,599. ఇంటింటి మరణాల సర్వే మీద 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అంచనా, పదిహేనేళ్లు దాటినవాళ్లే, 1,87,000. మగవాళ్లకన్నా ఆడవాళ్ల మరణాలే ఎక్కువ శాతం పోలీసు లెక్కలోంచి జారిపోయాయి. ఇది చదువుతుంటే ఎవరికైనా మనసు బాగోకపోతే టెలి మానస్ 14416కి చేయండి, తెలుగులో మాట్లాడతారు.

బందరురోడ్డు: అయినా కారణం తేలేదాకా ఆగాలా? శ్రీలంక బాగా విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించింది. 1995 తర్వాత ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా తగ్గింది. ఎవరింట్లో ఏ గొడవో వాళ్లు అడగలేదు.

మిర్చియార్డు: ప్రాణం నిలిచింది, మంచిదే. బతికి ఇంటికొచ్చినవాడి అప్పు మాత్రం అలాగే ఉంటుంది కదన్నా. దాన్ని ఏ గడి చూడాలి?

పాతబస్టాండు_గుంటూరు: గడి ఉంచండి. పక్కన ఇంకోటి చేర్చండి: ‘ఈ కారణం ఎవరు చెప్పారు, ఎన్ని గంటలకు?’ నేను రాసినవాటిలో సగం, మార్చురీ గేటు దగ్గర మేనమామలు చెప్పినవే.