రిటైరయ్యాక యూనివర్సిటీ స్థాయిలో చరిత్ర చదవాలంటే నల్లగొండ నుంచి దారి ఏది?

ప్రశ్న: ప్రకాశం బజార్ పెన్షనర్, నల్లగొండ

నాకు 61 ఏళ్లు, చదివింది బీకాం. చరిత్ర, ముఖ్యంగా మన జిల్లా శాసనాలు, పద్ధతిగా చదవాలని ఉంది. ఉద్యోగానికి కాదు. తోటి పెన్షనర్లు పదిమంది దాకా కలిసి వస్తామంటున్నారు. రోజూ కాలేజీకి పోవడం కుదరదు. ఎంఏ కట్టాలా, పాఠాలు వింటే చాలా? ఎక్కడెక్కడ ఇబ్బంది వస్తుందో తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: పాలమూరు లెక్చరర్

సార్, ముందు పట్టా కావాలా, పాఠం కావాలా తేల్చుకోండి. ఈ ముక్క తేల్చుకోకుండా ఫీజు కట్టినవాళ్లే మధ్యలో ఆపేస్తారు.

పట్టా కావాలంటే మనకు దగ్గరివి రెండు. 1982లో పెట్టిన అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీకి నల్లగొండలో నాగార్జున ప్రభుత్వ కాలేజీలో, మహబూబ్‌నగర్‌లో ఎంవీఎస్ కాలేజీలో స్టడీ సెంటర్లున్నాయి. రెండోది కేంద్రం నడిపే ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ, ఇగ్నో. అక్కడ ఏ డిగ్రీ ఉన్నా ఎంఏ చరిత్రలో చేరొచ్చు, బీకాం అడ్డుకాదు, పై వయసు పరిమితి లేదు. కానీ బోధన ఇంగ్లీషు, హిందీలోనే. తెలుగులో రాయాలనుకుంటే అంబేడ్కర్ ప్రాస్పెక్టస్‌లో ఈ ఏడు ఏ సబ్జెక్టుకు ఏ మీడియం ఇచ్చారో చూసుకున్నాకే ఫీజు కట్టండి.

ఇగ్నో ఎంఏ కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 4 ఏళ్లు. ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 8 క్రెడిట్ల పేపరుకు 240 గంటలు, అంటే రోజుకు రెండు గంటల చొప్పున నాలుగు నెలలు. ఈ లెక్క వేసుకోకుండా మొదటి ఏడే అన్ని పేపర్లూ పరీక్షకు పెట్టుకోవద్దు. అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం వెయిటేజీ. ఎంఏకు రెండింట్లో విడివిడిగా 40 శాతం రావాలి. పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో ఉంటాయి. చాలామంది తడబడేది ఇక్కడే: రెండో ఏడుకు రీ-రిజిస్ట్రేషన్ మనమే చేసుకోవాలి, పరీక్ష ఫారం వేరుగా నింపి దానికి వేరే ఫీజు కట్టాలి. ఏదీ దానంతటదే జరగదు.

ఇంకో సంగతి. మూడు గంటలు ఏకధాటిగా చేత్తో రాయడం మానేసి మనకు ఏళ్లయింది. తెలిసిన జవాబు కూడా చేతినొప్పి వల్ల సగంలో ఆగిపోతుంది. పరీక్షకు రెండు నెలల ముందు నుంచి రోజూ అరగంట, తర్వాత గంట, గడియారం పెట్టుకుని రాయండి.

జవాబు: మీ సేవ దగ్గరి తమ్ముడు

సార్, చదువు కన్నా ముందు కాగితాలు. దూరవిద్యలో చేరాలంటే ఇప్పుడు డెబ్ ఐడీ (యూజీసీ దూరవిద్యా విభాగం ఇచ్చే నంబరు) కావాలి. అది కావాలంటే ఏబీసీ ఐడీ (మన క్రెడిట్లు దాచే ఖాతా నంబరు), దానికి డిజిలాకర్ (సర్టిఫికెట్లు దాచే ప్రభుత్వ యాప్), దానికి ఫోన్ నంబరు లింకైన ఆధార్. నంబరు మారిపోయి ఓటీపీ పాత ఫోన్‌కు పోవడం అందరికన్నా ఎక్కువగా పెద్దవాళ్లలోనే చూస్తాం. అడ్మిషన్ గడువుకు నెల ముందే ఇది సరిచేయించుకోండి.

ప్రకాశం బజార్ పెన్షనర్:

తమ్ముడూ, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పదో తరగతి మెమోలో ఒక్క అక్షరమే. ఇబ్బందా?

మీ సేవ దగ్గరి తమ్ముడు:

మన దగ్గర ఇది మామూలే సార్. ఆధార్‌లో పేరు రెండుసార్లే, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోవచ్చు. అందుకే తొందరపడి మార్పించకండి. మెమో, ఆధార్, డిగ్రీ పట్టా పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చండి. ఎక్కడ తేడా ఉందో స్టడీ సెంటర్‌లో చూపించి, వాళ్లు దేన్ని ప్రామాణికంగా తీసుకుంటారో అడిగాకే ఐడీ తీయించండి.

జవాబు: లైబ్రరీ అక్క, మిర్యాలగూడ

అన్నా, నా మాటైతే మీకు పట్టా అక్కర్లేదు. 2017 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల పోర్టల్ స్వయంలో చరిత్ర, పురావస్తు పాఠాలు ఉచితంగా వినొచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. అందులో ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సుల్లో కొన్నింటి పాఠాలకు తెలుగు అనువాదం కూడా ఉంటుంది. 12 వారాల ఎన్‌పీటీఈఎల్ కోర్సులో వారం వారం అసైన్‌మెంట్‌కు గడువుంటుంది, తప్పితే ఆ వారం మార్కులు పోతాయి. 12లో మంచివి 8 మాత్రమే లెక్కిస్తారు కాబట్టి నాలుగు పోయినా ఫరవాలేదు.

మీరు పదిమంది ఉన్నారు కదా, అదే అసలు బలం. 1973లో ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో యూనివర్సిటీనే పెద్దవాళ్లకు పాఠాలు మొదలుపెట్టింది, దాన్నే మూడో వయసు విశ్వవిద్యాలయం అన్నారు. 1980ల మొదట్లో బ్రిటన్‌వాళ్లు దాన్ని మార్చి, యూనివర్సిటీ మీద ఆధారపడకుండా పెద్దవాళ్లే ఒకరికొకరు చెప్పుకునేలా చేశారు. పరీక్షల్లేవు, పట్టాల్లేవు. నల్లగొండకు ఈ రెండో పద్ధతే పనికొస్తుంది.

పెన్షనర్ల భవనం అడగండి. వారానికి ఒక్కరోజు, 10:30 నుంచి 12 దాకా. నెల మొదటి వారం వద్దు, బ్యాంకుల దగ్గరే సగంమంది ఉంటారు. ఏప్రిల్, మే నెలల్లో ఎండకు భయపడి జనం తగ్గుతారు కాబట్టి ఉదయం 7:30కు మార్చండి. ఒకరే ఎప్పుడూ చెప్పకూడదు, ఆయనకు జ్వరమొస్తే బృందం ఆగిపోతుంది. అరగంట వీడియో, తర్వాత గంట చర్చ. గంటన్నరా వీడియోనే పెడితే కునుకు తీస్తారు, వినికిడి తగ్గినవాళ్లకు ఏమీ అందదు. చిన్న స్పీకరు కచ్చితంగా పెట్టండి.

మొదటి పాఠం మన నల్లగొండ పక్కనున్న పానగల్లులోనే పెట్టుకోండి. కందూరు చోళుల రాజధాని అది. పచ్చల సోమేశ్వరం గుడి దగ్గరి మ్యూజియంలో శాసనాలు చూసి, ఛాయా సోమేశ్వరం గుడికి రండి. అక్కడ లింగం వెనక గోడ మీద పడే నీడ పగలంతా కదలదు. ఎదురుగా ఉన్న స్తంభాల్లో ఒక్కో దాని దగ్గర ఒక్కొక్కరు నిలబడి, నీడ మారుతుందా అని లోపల మరొకరు చూసి రాసుకోండి. ఉదయం పదికి ఒకసారి, మధ్యాహ్నం పన్నెండుకు ఒకసారి చూడండి. రాసుకున్నవి మరుసటి వారం చర్చకు తెచ్చుకోండి.

పాలమూరు లెక్చరర్:

లైబ్రరీ అక్క చెప్పింది సరైనదే. ఒక్కటే కలుపుతాను: దగ్గర్లోని ఏదైనా యూనివర్సిటీ చరిత్ర విభాగానికి ఉత్తరం రాసి, రెండు నెలలకోసారి ఒక అధ్యాపకుణ్ని పిలవండి. ఉత్తరంలో ‘ప్రసంగం’ అనకుండా ‘ఫలానా శాసనం మీద పాఠం’ అని రాసి, శాసనం ఫొటో జతచేయండి. తయారుగా వస్తారు.