అప్‌డేట్: అమ్మ ఆపరేషన్ అయింది, పూత దారమే వేయించాం

మాది రాయగడ. అమ్మకి పొట్ట కోసి గర్భసంచి తీయాలన్నప్పుడు, ట్రైక్లోసాన్ (క్రిములను చంపే మందు) పూత ఉన్న కుట్టుదారానికి అదనంగా డబ్బు పెట్టాలా అని ఇక్కడ అడిగాను. షుగర్ మనిషి, చీము పడుతుందేమోనని నా టెన్షన్. కుట్లు చక్కగా ఆరాయి. జవాబిచ్చిన అందరికీ దండాలు.

ఆ దారం వాడొచ్చని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అయితే ఇక్కడ ఒక అక్క చెప్పిన ఫాల్కన్ పరిశోధన గురించి సర్జన్ గారినే అడిగాను. ఆయన దాచలేదు. మన దేశంతో కలిపి 7 దేశాల్లో 5,788 మందిని పరీక్షిస్తే, మామూలు దారంకన్నా మేలేమీ కనపడలేదని 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిందట. "దారాన్నే నమ్ముకోకండమ్మా, ముందు షుగర్ దించండి" అన్నారు. ఆ నిజాయితీకే నాకు ధైర్యమొచ్చింది.

ఆపరేషన్‌కి ముందు కోత పెట్టేచోట వెంట్రుకలు ఇంట్లోనే బ్లేడుతో గీసేద్దామని అత్త పట్టుబట్టింది. సిస్టర్ ఒడియాలో గట్టిగా వద్దన్నారు: ఆ సన్నగాట్లలోనే క్రిములు చేరతాయి. ఆస్పత్రిలో అవసరమైనంత మేర క్లిప్పర్‌తో (వెంట్రుకలు కత్తిరించే మిషన్) తీశారు. కోతకు ముందే యాంటీబయాటిక్ ఇచ్చారు.

పర్లాకిమిడి తమ్ముడూ, మీ నాన్నగారి పేగు ఆపరేషన్‌కి ఇదొకటి అడుగు: కుట్లు వేసే ముందు గ్లవుజులు, పనిముట్లు మారుస్తారా అని. 2022లో వచ్చిన చీతా పరిశోధనలో, అలా మార్చినచోట ఇన్‌ఫెక్షన్లు 18.9 నుంచి 16 శాతానికి తగ్గాయి. ఇంటికొచ్చాక కూడా నెలరోజులు కుట్టు చూస్తూ ఉండు. ఎరుపు పాకినా, చీము కారినా, జ్వరమొచ్చినా వెంటనే తీసుకెళ్లు.