టైమింగ్ రోబస్ట్‌నెస్‌ను తెలుగులో ఏమందాం?

ప్రశ్న: పనులు గడువులోగా ముగిసేలా వరుస పెట్టే రియల్ టైమ్ షెడ్యూలింగ్‌ను పరీక్షించే టూల్స్ మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. డెడ్‌లైన్‌కి గడువు చక్కగా కుదిరింది. రోబస్ట్‌నెస్ దగ్గర ఆగిపోయాను. దృఢత్వం అనొచ్చా?

జవాబు: వద్దండీ. దృఢత్వం గోడకో మనసుకో ఉండే గుణం. ఇక్కడ అడుగుతున్నది లెక్క: పని ఇంకెంత సాగినా గడువు తప్పదు? దానికి వెసులుబాటు అనే మంచి మాట ఉంది.

ఒకే ప్రాసెసర్ మీద రెండు పనులు అనుకోండి. మొదటిది 5 మిల్లీసెకన్లకోసారి వచ్చి 2 తీసుకుంటుంది, ప్రాధాన్యం దానిదే. రెండోది 10కోసారి వచ్చి 4 తీసుకుంటుంది. మొదటిది రెండుసార్లు ముందుకు దూరుతుంది కాబట్టి రెండోది 8కి పూర్తవుతుంది. గడువు 10. ఇంకా 2 మిగిలాయి కదా అనిపిస్తుంది. రెండో పనికి ఆ 2 మొత్తం దక్కుతుంది, 6 దాకా సాగొచ్చు. మొదటి పని మాత్రం 3 దాటితే చాలు, రెండోదాని గడువు తప్పుతుంది. గడువు ఒకటే అయినా ఎవరి వెసులుబాటు వాళ్లది! స్పెయిన్‌లో కాంటాబ్రియా విశ్వవిద్యాలయం వాళ్ల మాస్ట్ అనే టూల్ ఈ లెక్కే చేస్తుంది. సమయాలు ఎంత శాతం పెరిగినా గడువులు నిలుస్తాయో చెబుతుంది. వాళ్లు దాన్ని స్లాక్ అంటారు.

ఇంకొకరు: మాట బాగుంది గానీ ఒకవైపే చూస్తోందండి. ఒకటికి మించి ప్రాసెసర్లుంటే, ఒక పని ముందే అయిపోవడం వల్ల కూడా మొత్తం ఆలస్యం కావచ్చని గణిత శాస్త్రవేత్త రొనాల్డ్ గ్రాహమ్ 1960ల్లోనే చూపించారు. పనుల వరుస తారుమారై, అసలు ముఖ్యమైనది వెనకబడుతుంది. అలాంటప్పుడు వెసులుబాటు పెరిగిందనగలమా?

జవాబు: అనలేం. మీరన్నది నిజం. అందుకే వెసులుబాటును స్లాక్‌కే ఉంచి, రోబస్ట్‌నెస్‌కి తట్టుకునే హద్దులు అందాం. ఇమిటేటర్ లాంటి టూల్‌కి సమయాల చోట అంకెలకు బదులు బీజగణితంలోలా అక్షరాలిస్తే, అది తిరిగిచ్చేవి అచ్చంగా హద్దులే. పై ఉదాహరణలో అయితే: మొదటి పని సమయానికి రెండింతలు, దానికి రెండోదాని సమయం కలిపితే 10 దాటకూడదు. ఆ హద్దులో ఎటు కదిలినా ఫరవాలేదు.

ప్రశ్న అడిగినవారు: రెండూ తీసుకుంటున్నాను. మరి జిట్టర్‌కి తడబాటు?

జవాబు: జిట్టర్‌గానే ఉంచేయండి. తడబాటు అంటే పని తప్పు చేసినట్టు వినిపిస్తుంది. జిట్టర్‌లో మారేది పని మొదలయ్యే సమయమో ముగిసే సమయమో, అంతే.