ఎమర్జెన్సీ సంగతి హోం మంత్రి బ్రహ్మానందరెడ్డి గారికే ముందు తెలీదా?

నరసరావుపేట చదువరి:
మా వైపు కాసు బ్రహ్మానందరెడ్డి గారి పేరు ఇప్పటికీ గౌరవంగా తలుస్తారు. ఏడేళ్లు ముఖ్యమంత్రిగా చేసిన మనిషి. 1975లో కేంద్ర హోం మంత్రిగా ఉండి కూడా, ఎమర్జెన్సీ గురించి ఆయనకు చివరి నిమిషంలోనే తెలిసిందంటున్నారు. అదెలా కుదురుతుంది?

పాత సెక్షన్ ఆఫీసర్:
కుదిరింది బాబూ. ఎమర్జెన్సీ అక్రమాల మీద తర్వాత విచారణ జరిపిన షా కమిషన్ ముందు ఆయనే చెప్పారు. జూన్ 25 రాత్రి పదిన్నరకు ప్రధాని ఇంటికి పిలిపించారు. 1971లో యుద్ధమప్పుడు పెట్టిన ఎమర్జెన్సీ ఇంకా అమల్లోనే ఉంది, ఆ అధికారాలు సరిపోతాయి కదా అన్నారాయన. అదంతా చూశాం, ఇది కూడా కావాలన్నారు ప్రధాని. చివరికి ఆయన సంతకం పెట్టారు.

నేను సచివాలయంలో 31 ఏళ్లు ఫైళ్లు రాశాను. నాకు బాధ ఆ సంతకం గురించి కాదు, దానికి ముందు ఫైలే నడవకపోవడం గురించి. మామూలుగా అసిస్టెంట్ నోట్ పెడతాడు. సెక్షన్ ఆఫీసర్ పాత జీవోలు తిరగేసి ‘ఇది రూల్సుకు విరుద్ధం’ అని ఒక లైను రాస్తాడు. కాదనాలంటే మంత్రయినా ఆ లైను కిందే రాసి, తేదీ వేసి సంతకం చేయాలి. ఆ రాత్రి, కేంద్ర ప్రభుత్వ పనులు ఎలా నడవాలో చెప్పే బిజినెస్ రూల్స్‌లోని 12వ రూలు చూపించి కేబినెట్‌నే పక్కన పెట్టారు. మిగతా మంత్రులకు మర్నాడు పొద్దున 6 గంటలకు చెప్పారు.

లక్నో తెలుగమ్మాయి:
మా నాన్నగారు అప్పుడు యూపీలో ఉద్యోగం చేసేవారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు మనుషుల్ని తేలేదని పక్కింటి మాస్టారికి జీతం ఆపేశారట. 1976-77లో దేశం మొత్తానికి పెట్టుకున్న లక్ష్యం దాదాపు 43 లక్షలైతే, చేసినవి 81 లక్షలు. దీని వెనక గట్టిగా నిలబడ్డ సంజయ్ గాంధీకి ప్రభుత్వంలో ఏ పదవీ లేదు!

నరసరావుపేట చదువరి:
మరి ఆఫీసర్లు కుదరదని చెప్పొచ్చుగా సార్?

పాత సెక్షన్ ఆఫీసర్:
ఎమర్జెన్సీకి కొద్ది రోజుల ముందే హోం సెక్రటరీని మార్చేశారు. అడ్డు చెప్పే మనిషి ఉంటాడనే భయం లేకపోతే అంత తొందరెందుకు?

చిన్న స్థాయిలో నేనూ చూశాను. ఒకసారి ఒక నియామకం గురించి ఫోన్లో చెప్పి ఫైలు పెట్టమన్నారు. ‘ఫోన్లో ఆదేశించినట్లు’ అని నోట్‌లో రాశాను. ఆ కాగితం తీసేసి, ఆ ముక్క లేకుండా మళ్లీ రాయమన్నారు. రాయనన్నాను. వారం తిరక్కుండా వేరే సెక్షన్‌కి మార్చారు. నా సీట్లోకి వచ్చిన కుర్రాడికి ఇద్దరు చిన్నపిల్లలు. అతను రాశాడు.