మనీ ప్లాంట్‌కి వేర్లు వచ్చాయి, రెండు నెలలైనా చిగురు లేదు. ఎవరైనా చెప్పండి ప్లీజ్

మూడో అంతస్తు:
పొద్దున్నుంచి నాలుగు గంటలు వీడియోలు చూసి కళ్లు లాగేస్తున్నాయి. అందరూ "నీళ్లలో పడేస్తే చాలు, అదే వస్తుంది" అనేవాళ్లే. నేను పెట్టి రెండు నెలలైంది. సీసాలో మూడున్నాయి. రెండింటికి బెత్తెడు వేర్లు కూడా వచ్చాయి. ఆకులు వాడలేదు, పండలేదు. కొత్త ఆకు మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. కిటికీ మార్చాను, బోరు నీళ్లు మానేసి క్యాన్ నీళ్లు పోశాను, చిటికెడు పంచదార కూడా వేశాను. ఇంత తేలికైన అంటు కూడా నా చేతిలో బతకదా?

పాదు:
కణుపు ఉందా?

మూడో అంతస్తు:
అన్నీ ఆరోగ్యంగానే ఉన్నాయండీ.

మిద్దెతోట పెద్దమ్మ:
పంచదారేంటి నాయనా! ముందు ఆ నీళ్లు పారబొయ్యి. ఎన్నాళ్లకోసారి మారుస్తున్నావు? పోయిన వానాకాలం మా పక్క ఫ్లాట్‌లో ఇద్దరికి డెంగీ వచ్చింది. డ్రమ్ములన్నీ వెతికారు, ఏమీ లేదు. చివరికి టార్చి వేసి చూస్తే దోమపిల్లలు టీవీ పక్కన మనీ ప్లాంట్ సీసాలో గింగిరాలు తిరుగుతున్నాయి! డెంగీ దోమకి మురుగు అక్కర్లేదు, ఇలాంటి నిలవ మంచినీళ్లే కావాలి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ఊరికే నీళ్లు మారిస్తే సరిపోదు, గుడ్లు సీసా గోడకి అంటుకుని ఉంటాయి. లోపల బ్రష్ పెట్టి రుద్దాలి.

మూడో అంతస్తు:
పెద్దమ్మా, దోమలు లేవు. చిగురు లేదు.

రిటైర్డ్ మాస్టారు:
ఒక చిన్న సవరణ. మీరు చేసింది అంటు కాదు. ఒక మొక్క కొమ్మను ఇంకో మొక్కకు అతికిస్తే అంటు, మామిడికి కడతారే, అది. మీది ఛేదనం. మాటలు సరిగ్గా వాడకపోతే సమాధానాలూ తప్పుదోవ పడతాయి.

కడియం కుర్రాడు:
మాస్టారూ, మా నర్సరీల్లో ఛేదనం కావాలని అడిగితే ఎవరికీ అర్థం కాదు. కటింగ్ అంటాం. అయినా గాలి అంటులో రెండో మొక్క ఏదండీ? నేల అంటులో?

రిటైర్డ్ మాస్టారు:
అవి లేయరింగ్, అంటే కొమ్మ తల్లి మొక్కకు ఉండగానే దానికి వేర్లు పుట్టించడం. వాడుకలో అంటు అని స్థిరపడిపోయాయి.

కడియం కుర్రాడు:
నేనన్నదీ అదే కదండీ.

పాదు:
ఫోటో.

మూడో అంతస్తు:
పెట్టాను. మా ఆఫీసు లాబీలో పెద్ద కుండీ ఉంది. దొంగతనంగా తెస్తేనే బాగా పెరుగుతుందంటారు కదా, లిఫ్ట్ వచ్చేలోగా మూడాకులు గిల్లుకొచ్చా.

పాదు:
ఉత్త ఆకులు. తీగ లేదు. రావు.

మూడో అంతస్తు:
మరి వేర్లెలా వచ్చాయి???

కడియం కుర్రాడు:
ఆకు కాడకి వేరు రావచ్చు బ్రో, చిగురు రాదు. తీగకి ఆకు కాడ అతుక్కునే చోట ఉంగరంలా ఉబ్బు ఉంటుంది, దాని పక్కనే గోధుమరంగు బొడిపె. కణుపంటే ఆ ఉబ్బున్న చోటే. చిగురు మొగ్గ ఉండేది అక్కడే. అది లేని ఆకు ఎన్నాళ్లున్నా ఆకే. ఈసారి కణుపుకి అర అంగుళం కింద తీగనే కోయండి. ముక్కకి ఒకటో రెండో కణుపులు, ఒక ఆకు చాలు. కణుపు నీళ్లలో మునగాలి, ఆకు పైన ఉండాలి. వెలుతురు కావాలి, నేరుగా ఎండ వద్దు. వేరు రెండు వారాల్లో కనబడుతుంది, చిగురుకి ఇంకాస్త ఓపిక పట్టాలి. తల కోసిన తల్లి తీగ కింది కణుపుల నుంచి మళ్లీ కొమ్మలేస్తుంది కాబట్టి ఆఫీసు వాళ్లకీ నష్టం లేదు.

మూడో అంతస్తు:
మా వదిన స్నేక్ ప్లాంట్ ఆకు ముక్కలు గుచ్చితే పిల్లలొచ్చాయిగా?

కడియం కుర్రాడు:
దాని తీరు వేరు. ఆకు ముక్క అడుగునే కొత్త దుంప కట్టి మొలక లేస్తుంది, నెలలు పడుతుంది. పసుపు అంచు రకమైతే ఆకు ముక్క నుంచి వచ్చే పిల్లకి ఆ అంచు ఉండదు. అంచు కావాలంటే మొక్క మొదలు దగ్గర వచ్చే పిలకనే విడదీయాలి.

రిటైర్డ్ మాస్టారు:
పిలక, చక్కటి మాట. కణుపును మా వైపు గనుపు అంటారు. చెరకు గనుపు అనలేదూ?

పాదు:
రెండూ ఒకటే.

రిటైర్డ్ మాస్టారు:
ఒకటే అని ఎలా తేల్చేస్తారు?

మూడో అంతస్తు:
సరే, థాంక్స్ అందరికీ. సోమవారం బ్యాగులో కత్తెర పెట్టుకెళ్తా.

మిద్దెతోట పెద్దమ్మ:
నీళ్లు మార్చావా?