బఫెలోలో అమ్మాయి ఇంటికి టూ-స్టేజ్ స్నో బ్లోయర్ కావాలా, దండగా?

మౌలాలి_మాజీ_ఫిట్టర్

అందరికీ నమస్కారం. మౌలాలి డీజిల్ షెడ్డులో ముప్ఫై ఏళ్లు ఇంజిన్లు విప్పి బిగించినవాణ్ణి. ఇంజిన్ సంగతి తెలుసు, మంచు సంగతి తెలియదు. నేను చూసిన మంచల్లా మా పాత ఫ్రిజ్‌లో చెంచాతో గోకి తీసిందే. అందుకే అడుగుతున్నా.

మా అమ్మాయీ అల్లుడూ ఈ వేసవిలో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోకి దక్షిణాన ఆర్చర్డ్ పార్క్ వైపు ఇల్లు కొన్నారు. డ్రైవ్‌వే 60 అడుగుల పొడవు, రెండు కార్లు పక్కపక్కన పట్టే వెడల్పు. మంచుని ఎత్తి దూరంగా విసిరే స్నో బ్లోయర్, అందులోనూ నోరు 28 అంగుళాల వెడల్పుండే టూ-స్టేజ్ పెట్రోలు మిషన్ కొందామని అల్లుడు. 1,500 డాలర్ల దాకా అవుతుందట. కానీ ఉద్యోగం మీద వారంలో మూడు రోజులు ఆయన వేరే ఊళ్లో ఉంటాడు. "కొనేది ఆయన, దానితో కుస్తీ పట్టేది నేను" అని అమ్మాయి గొడవ. అది ఐదడుగుల ఒక అంగుళం మనిషి. సీజన్‌కి ఎవరికైనా మంచు తీసే కాంట్రాక్టు ఇచ్చేసి, గుమ్మం ముందు దారికి చిన్న బ్యాటరీ మిషన్ తీసుకుంటే చాలంటుంది.

రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో ఇద్దరూ నన్ను పంచాయతీ పెద్దని చేసి కూర్చోబెడుతున్నారు. ఎవరి వైపు మాట్లాడినా రెండోవాళ్లకి కోపం. అక్కడ ఉండి వచ్చినవాళ్లు, ఇప్పుడు ఉంటున్నవాళ్లు చెప్పండి.

కొండాపూర్_వాపస్

సార్, నా ఓటు మీ అల్లుడుగారికి. అదే రాష్ట్రంలో సిరక్యూస్‌లో పదకొండు చలికాలాలు గడిపి వచ్చాను.

సింగిల్-స్టేజ్ అనే చిన్న రకంలో తిరిగేది ఒక్కటే. దాని రబ్బరు పట్టీలు నేలను గీరుతూ, చేటతో ఎత్తి పోసినట్టు, మంచుని నేరుగా చ్యూట్‌లోంచి, అంటే పైనున్న గొట్టంలోంచి, విసిరేస్తాయి. టూ-స్టేజ్‌లో ముందు పళ్లున్న స్టీలు ఆగర్ నెమ్మదిగా తిరుగుతూ మంచుని కొరికి మధ్యకి లాగుతుంది. వెనక ఇంపెల్లర్ అని ఒక ఫ్యాను దాన్ని అందుకుని 40 అడుగుల అవతలకి కొడుతుంది. ఊళ్లో నూర్పిడి మిషన్ చూసే ఉంటారు, కంకి నమిలేది ఒకటి, పొట్టు ఎగరగొట్టేది ఇంకొకటి. ఈ పోలిక నా సొంతం కూడా కాదు. 1925లో క్యూబెక్‌లో మొదటి స్నో బ్లోయర్ చేసిన ఆర్థర్ సికార్డ్‌కి ఆ ఆలోచన నూర్పిడి మిషన్ చూశాకే వచ్చిందని చెబుతారు. చక్రాలకి కూడా ఇంజిన్ నుంచే డ్రైవ్ ఉంటుంది, పవర్ టిల్లర్ వెనక నడిచినట్టు నడవడమే.

అయితే ఇక్కడ చూడాల్సింది డ్రైవ్‌వే మీద పడే మంచుని కాదు, డ్రైవ్‌వే చివర పడేదాన్ని. రోడ్డు మీద మంచు గీకుతూ పోయే మునిసిపాలిటీ ట్రక్కు, ఆ గీకిందంతా మీ గేటు దగ్గర మోకాలెత్తు గట్టులా పోసి పోతుంది. ఐసుగడ్డలు, ఉప్పు, బురద కలిసిన ముద్ద అది. గంట ఆలస్యం చేస్తే సిమెంటే. సింగిల్-స్టేజ్ దాని మీదకెక్కి ఊగుతుంది తప్ప కొరకదు. నేను మొదటి ఏడాది సింగిల్ కొని, రెండో ఏడాది సగం ధరకి అమ్ముకున్నాను.

దిల్‌సుఖ్‌నగర్_టు_బఫెలో

అంకుల్, నేను ఇక్కడే చీక్టోవాగాలో ఉంటాను. మీ అమ్మాయి మాటే కరెక్టు.

"నడవడమే" అనడం తేలిక, కొండాపూర్ అన్నా. తిన్నగా పోయేటప్పుడు అది నిజమే. చివరికెళ్లి వెనక్కి తిప్పేటప్పుడు తెలుస్తుంది. 28 అంగుళాల మిషన్ 100 కిలోల పైమాటే. కింద ఐసు, కాళ్లకి బూట్లు, చేతులకి లావు గ్లవ్స్, గాలికి మంచంతా మొహం మీదకి. ఒక లీవర్ పట్టుకుంటే ఆగర్, ఇంకోటి పట్టుకుంటే చక్రాలు. రెండూ వదిలేస్తే ఆగిపోతుంది, అది మన మంచికే, కానీ చెయ్యి మార్చుకున్న ప్రతిసారీ మళ్లీ మొదలు.

బఫెలోలో ఏడాదికి సగటున 95 అంగుళాల మంచు అని విని జనం భయపడి పెద్ద మిషన్ కొంటారు. అది ఎలా పడుతుందో మాత్రం చూడరు. ఈరీ సరస్సు ఇంకా వెచ్చగా ఉన్నప్పుడు దాని మీదుగా చలిగాలి వస్తే, ఆ తేమంతా సన్నటి పట్టీలా ఒకే చోట కుమ్మరిస్తుంది. ఐదు మైళ్ల అవతల ఎండ. 2022 నవంబరులో ఆర్చర్డ్ పార్క్‌లో ఒక్క తుపానుకే 80 అంగుళాలు పడింది. అంటే మనిషిని దాటి. ఇంట్లో వాడే మిషన్ల నోరు రెండడుగుల ఎత్తు కూడా ఉండదు. నేను అప్పుడు దాని పక్కనే హాంబర్గ్‌లో అద్దెకుండేదాన్ని. మా వీధిలో టూ-స్టేజ్ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకేలా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం, పెద్ద లోడర్లు వచ్చేదాకా. అలాంటి రోజు ఏ మిషనూ పనికి రాదు. మిగతా రోజుల ఐదారు అంగుళాలకి చిన్నది చాలు. మధ్యలో 1,500 డాలర్ల ఏనుగు ఎందుకు?

కొండాపూర్_వాపస్

అమ్మా, 5 అంగుళాలకీ 80 అంగుళాలకీ మధ్య ఏమీ లేనట్టు మాట్లాడుతున్నావు. 12 నుంచి 18 అంగుళాలు పడే రాత్రులు ఏటా ఎన్ని వస్తాయో నీకూ తెలుసు. మిషన్ కొనేది వాటి కోసం.

ఇక కాంట్రాక్టు ముచ్చట. నేనూ ఒక సీజన్‌కి ఇచ్చాను, 450 డాలర్లు ముందే కట్టించుకున్నాడు. మూడు అంగుళాలు పడిన రోజు తెల్లారకముందే హాజరు. 16 అంగుళాలు పడిన రోజు మర్నాడు సాయంత్రం నాలుక్కి వచ్చాడు. అతన్నీ పూర్తిగా తప్పుపట్టలేను, అందరి ఇళ్లలోనూ అదే రోజు పడింది కదా. కానీ ఆ రోజు నా కారు గరాజ్‌లోనే, నా ఉద్యోగం బయట. పైగా ట్రక్కు బ్లేడుతో పచ్చిక ఒక బారెడు చాపలా చుట్టి లేపాడు.

ఉప్పల్_చిన్నోడు

అన్నా, మంచు సరే. వానాకాలంలో మా సెల్లార్‌లో నడుముదాకా నీళ్లొస్తాయి, వాటిని 40 అడుగుల అవతలకి విసిరే మిషన్ ఉంటే చెప్పండి.

కొండాపూర్_వాపస్

పక్కింటి సెల్లార్‌లోకే పోతాయి తమ్మీ. న్యూయార్క్ రాష్ట్రంలో అయితే మన మంచుని రోడ్డు మీదకి విసరకూడదని చట్టమే ఉంది.

రాణిగంజ్_బోల్టు

ఫిట్టర్ గారూ, ఇద్దరి వాదనా బాగుంది. మధ్యలో నా తప్పొకటి చెప్పుకుంటాను, మీలాంటి పనితనం ఉన్నవాళ్లకే అది ఎక్కువ జరుగుతుంది.

రాణిగంజ్‌లో మాది నట్లు బోల్టుల షాపు. మా అబ్బాయి రోచెస్టర్‌లో ఉంటాడు, వాడికి టూ-స్టేజ్ ఉంది. రెండేళ్ల కింద జనవరిలో వెళ్లినప్పుడు ఉత్సాహం కొద్దీ నేనే నడిపాను. గేటు దగ్గర గట్టు కొరుకుతుంటే 'టక్' మంది. ఎడమ పక్క ఆగర్ ఆగిపోయింది, కుడిది తిరుగుతూనే ఉంది. చూస్తే చిటికెనవేలంత పిన్ను తెగింది. దాన్ని షియర్ పిన్ అంటారు, ఆగర్‌కి రెండు పక్కలా ఉంటుంది. చేతిలో పట్టుకుని నవ్వుకున్నాను, ఇంత మెత్తటి ఇనుమా, మా షాపులో అయితే దీన్ని ఎవడూ కొనడు అని. ముందోసారి అబ్బాయికి నేనే తీసుకెళ్లి ఇచ్చిన డబ్బాలో 8.8 గ్రేడు, అంటే గట్టి ఉక్కు, బోల్టు దొరికింది. బిగించాను. మెచ్చుకున్నాడు కూడా.

మూడో రోజు మంచు కింద న్యూస్‌పేపరు కట్ట ఒకటి గడ్డకట్టి రాయిలా ఉంది, కనబడలేదు. ఈసారి టక్ అనలేదు. 'గుర్ర్' అని ఒక మూలుగు, ఆగర్ రెండు పక్కలా ఆగిపోయింది, ఇంజిన్ మాత్రం హాయిగా తిరుగుతోంది. గేర్‌బాక్సు విప్పితే నూనె నిండా పసుపు పొడి మెరుస్తోంది. లోపల కంచు గేరు పళ్లు మొత్తం అరిగి రాలాయి. మూడు డాలర్ల పిన్ను మిగుల్చుకుని మూడు వందలు పెట్టించాను.

పాత ఇళ్లలో ఫ్యూజు వైరు ఊరికే పోతోందని లావు రాగి తీగ చుట్టేవాళ్లం గుర్తుందా? అదే పని. ఆ పిన్ను తెగడానికే పుట్టింది.

ఇంకో మాట. ట్రక్కు మళ్లీ గట్టు పోయకుండా ఒక చిట్కా ఉందని అబ్బాయి చెప్పాడు. ట్రక్కు ఏ వైపు నుంచి వస్తుందో ఆ వైపు, డ్రైవ్‌వేకి ముందు రోడ్డు అంచున, కారంత చోటు ఖాళీ చేసి ఉంచాలి. బ్లేడు మీది బరువంతా అక్కడే దిగిపోతుంది. నేను మన అలవాటు కొద్దీ రోడ్డుకేసి నిలబడి కుడిపక్క గంటసేపు తవ్వాను. వాళ్లు నడిపేది కుడివైపున కదా, ట్రక్కు ఎడమ నుంచి వచ్చి మామూలుగానే నింపి పోయింది.

నా సలహా: టూ-స్టేజే, కానీ 28 వద్దు, 24 చాలు.

దిల్‌సుఖ్‌నగర్_టు_బఫెలో

బోల్టు అంకుల్, చదివి నవ్వాగలేదు, క్షమించండి. 24 అంటే నేనూ కొంచెం దిగొస్తాను. నా వాదన మిషన్ మీద కాదు, సైజు మీదా, నడిపే మనిషిని అడక్కుండా కొనడం మీదా. కొన్ని మోడళ్లలో హ్యాండిల్ కింద మీటలుంటాయి, ఎటు నొక్కితే అటు చక్రానికి డ్రైవ్ తెగి మిషన్ అక్కడికక్కడే తిరుగుతుంది. అది లేనిది మాత్రం మీ అమ్మాయి చేత ముట్టించొద్దు.

ఫిట్టర్ అంకుల్, మీ డ్రైవ్‌వే తారుదా, కంకరదా? కంకరైతే సింగిల్-స్టేజ్ మాటే వద్దు, రాళ్లు బుల్లెట్లలా వస్తాయి. టూ-స్టేజ్‌లో కింద స్కిడ్ షూలు, అంటే నేల మీద జారే పట్టీలు, దించి నోరు అంగుళం పైకి లేపుకోవచ్చు.

మౌలాలి_మాజీ_ఫిట్టర్

తారుదే తల్లీ. బోల్టుగారూ, మీరు చెప్పకపోతే నేనూ సరిగ్గా అదే చేసేవాణ్ణి, నా పెట్టెలో గట్టి బోల్టులే ఉంటాయి.

ఇంకో రెండు ప్రశ్నలు. పెట్రోలు ఇంజిన్ ఏడెనిమిది నెలలు ఊరికే పడుంటే కార్బొరేటర్ సంగతేంటి? ఇక్కడ మా అపార్ట్‌మెంట్ జనరేటర్‌కే కరెంటు పోని వేసవి తర్వాత జెట్టులో జిగురు పట్టి, పిన్నుతో పొడవాల్సి వచ్చింది. రెండోది, బ్యాటరీ టూ-స్టేజ్‌లు కూడా వచ్చాయంటుంది అమ్మాయి. అవెలా ఉంటాయి?

కొండాపూర్_వాపస్

మీ జనరేటర్ జబ్బే ఇక్కడా. నవంబరులో స్టార్టు కాని స్నో బ్లోయర్లలో ఎక్కువ వాటికి కారణం పాత పెట్రోలే. సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లోది కూడా అయిపోయి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడపాలి. ఆయిలు మీకు నేను చెప్పక్కర్లేదు. వాళ్లకి ఒక్కటి మాత్రం చెప్పండి, ఎంత చలైనా గరాజ్ లోపల స్టార్టు చేసి వేడెక్కనివ్వొద్దు, తలుపు తెరిచున్నా సరే. పొగ ఇంట్లోకి పాకుతుంది. బయటికి తెచ్చాకే స్టార్టు చేయాలి.

బ్యాటరీవి చప్పుడు తక్కువ, బాధలు తక్కువ. చలికి బ్యాటరీ పట్టు తగ్గుతుంది, బరువైన గట్టు దగ్గర తొందరగా దిగిపోతుంది. 60 అడుగులు, రెండు కార్ల వెడల్పు, ఆ తర్వాత గట్టు. నేనైతే పెట్రోలే.

దిల్‌సుఖ్‌నగర్_టు_బఫెలో

కొనే ముందు మీ అమ్మాయికి ఒక్క మాట గట్టిగా చెప్పండి అంకుల్. మిగతావన్నీ డబ్బు సంగతులు, ఇది చేతుల సంగతి.

ఎండకి కాస్త కరిగిన తడి మంచు చ్యూట్‌లో ఇరుక్కుంటుంది. విసరడం ఆగిపోతుంది. అలాంటప్పుడు ఇంజిన్ ఆపేశాంగా అని లోపల చెయ్యి పెడతారు. ఇంజిన్ ఆగినా బెల్టులో బిగువు మిగిలి ఉండొచ్చు. ఇరుకు వదలగానే ఇంపెల్లర్ పావు చుట్టు తిరుగుతుంది, ఆ పావు చాలు. మా పాత వీధిలో ఒక పెద్దాయనకి కుడిచేతి రెండు వేళ్ల కొసలు లేవు. ఆయన మెకానిక్, మీలాగే. ఇంజిన్ ఆపానని ఇప్పటికీ ఒట్టేసి చెప్తాడు, ఆపాడు కూడా.

మిషన్ మీదే ప్లాస్టిక్ కర్ర ఒకటి తగిలించి ఇస్తారు. ఆపి, అన్నీ నిలిచిపోయేదాకా ఆగి, దాంతోనే పొడవాలి. ఇరుక్కోకుండా ఉండాలంటే త్రాటిల్ ఎప్పుడూ ఫుల్లు, నడక మాత్రం నెమ్మది, నోటి వెడల్పులో సగమే తినిపించాలి.

కొండాపూర్_వాపస్

ఈ పోస్టు మీద నాకేం వాదన లేదు. మా ఆవిడ చ్యూట్ లోపల వంటనూనె స్ప్రే కొట్టేది, దోశ పెనానికి రాసినట్టు. నేను ఎగతాళి చేశాను, కానీ మంచు అంటుకోకుండా జారేది.

మౌలాలి_మాజీ_ఫిట్టర్

నిన్న సాయంత్రం ఈ పేజీ మొత్తం ఇద్దరికీ చదివి వినిపించాను. అమ్మాయి వెళ్లి డీలర్ దగ్గర 24 అంగుళాలది అటూ ఇటూ తిప్పి చూసిందట, మీటలున్నదే. తిరిగింది, చెయ్యి నొప్పెట్టలేదు అంది. కాంట్రాక్టు మాట మాత్రం వదల్లేదు. ఆయన ఊళ్లో లేని వారాల్లో 12 అంగుళాలు దాటితే ఎవరినైనా పిలుస్తానని, ఆ డబ్బులు ఆయన లెక్కలోంచేనని షరతు. అల్లుడు 28 దగ్గరే ఉన్నాడు, కానీ గొంతు తగ్గింది. శనివారం గరాజ్‌లో రెండో కారు పక్కన ఎంత జాగా ఉందో టేపు పెట్టి కొలుస్తారు.

ఏ మిషన్ వచ్చినా ఆ ప్లాస్టిక్ కర్ర ఎక్కడ తగిలించి ఉందో మొదట వీడియోలో చూపించమన్నాను. షియర్ పిన్లు అరడజను ఎక్కువ తీసుకోమన్నాను. బోల్టుగారూ ఏమీ అనుకోకండి, కంపెనీవే.